కొమ్మినాయకుని కొడుకు

రాచగుట్ట దుర్గాన్ని కట్టించిన పూర్వరాజులకు మనుషుల మీద ఎంత నమ్మకం ఉండేదో తెలియదు గాని, కొండ మీద మాత్రం కొండంత నమ్మకం ఉండేది. మూడు దిక్కుల నిట్టనిలువు రాతిచరియలు, నాలుగో దిక్కున మెలికలు తిరిగి ఎగబాకే ఒకే ఒక్క దారి, ఆ దారి కొసన ఇనుప బొడిపెలు తాపించిన మద్దికొయ్య తలుపులు. లోపలికి వచ్చేందుకు ఒక్క దారే ఉన్నప్పుడు బయటికి పోయేందుకూ అదొక్కటే గదా అన్న సంగతి కోట కట్టిననాడు ఎవరికీ తోచినట్టు లేదు. వైశాఖమాసపు ఎండలో, పడమటి రాజు సేనలు కొండ మొదలంతా గుడారాలు పరిచి, ఏనుగులను చింతల నీడన కట్టేసి, తొందర ఏమీ లేనివారిలా వంటలు చేసుకు తింటూ కూర్చున్ననాడు అది అందరికీ తోచింది. కోటలో గింజలు ఉన్నాయి. నీళ్ళు లేవు. రాతిదొనల్లో అడుగున మిగిలిన పచ్చటి నీటిని చెంబులతో కాదు, దోసిళ్ళతో కొలిచి పోస్తున్నారు. రాజధాని నుండి సాయం వస్తుందన్న మాటను మొదట్లో చెప్పుకునేవారు, తరువాత చెప్పుకోవడం మానేశారు.

ఆ తలుపుల కావలి చౌండనాయకుడిది. తాత పోతినాయకుని కాలం నుండి ఆ కావలి వాళ్ళ ఇంటి హక్కు. తలుపు పక్కనే, గోడలో గూడులా కట్టిన ఇల్లు వాళ్ళది. ఆ దుర్గంలో ఒక ఆచారం ఉంది. పొద్దు గూకేవేళ కావలినాయకుడు తలుపులు మూసి, అడ్డగడియ వేసి, దాని మీద అరచెయ్యి ఉంచి, తాత పేరూ తండ్రి పేరూ తన పేరూ గట్టిగా పలికి 'తలుపు వేసినాడు' అని చెప్పాలి. బురుజుల మీది కావలివారందరూ 'వేసినాడు' అని బదులు పలకాలి. ఆ బదులు వినిపించాకనే కోటలో దీపాలు పెట్టుకునేవారు. తరతరాల పేర్ల పూచీ మీద ఊరు నిద్రపోయేదన్నమాట.

చౌండడు మాత్రం తండ్రి పేరు పలికేవాడు కాడు. "పోతినాయకుని మనుమడు, గుండయ సేనాని మేనల్లుడు, చౌండనాయకుడు తలుపు వేసినాడు" అనేవాడు. మధ్యన ఉండవలసిన పేరు ఎందుకు లేదో వినేవాళ్ళందరికీ తెలుసు. ఇరవై ఏళ్ళ కిందట, ఇదే పడమటి రాజు తండ్రి ముట్టడించినప్పుడు, కొమ్మినాయకుడు సొమ్ము పుచ్చుకుని తలుపు తీశాడు. దిగువకోట తగలబడిపోయింది. ఎగువకోట ఎలాగో నిలిచింది. కొమ్మినాయకుని శవం తన తలుపు కిందనే దొరికితే, కోట లోపల దహనం చేయనివ్వలేదు. అప్పటికి నడక రాని చౌండణ్ణి ఒళ్ళో పెట్టుకుని గుండయ సేనాని రాజు ఎదుట నిలబడ్డాడు. బావ చేసిన నేరం తానెరుగుదునని, పిల్లవాణ్ణి తాను పెంచుతానని, పెరిగినాక తలుపు వాడి చేతికే ఇవ్వాలని, వాడు తప్పితే తన తల తీయాలని మాట ఇచ్చి వచ్చాడు.

ఆ మాటను గుండయ ఒక్కనాడూ మరిచిపోలేదు, చౌండణ్ణి మరిచిపోనివ్వనూ లేదు. సేనాని ఎక్కువగా బోధించే మనిషి కాదు. తన వంతు కాని కావలి తాను కాచేవాడు. అందరూ తిన్నాక తినేవాడు. ఆజ్ఞ ఇచ్చాక వెనక్కి తీసుకునేవాడు కాడు. చౌండడు మామను చూసి నడక నేర్చుకున్నాడు, మామను చూసి ఊరకుండడం నేర్చుకున్నాడు. అయినా వీధిలో పోతుంటే ఎవరో ఒకరు 'ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా' అని వినపడేటట్టు అననే అనేవారు. ఆ దూడ సంగతి ఏమోగాని, చౌండడికి ఒక్క బలహీనత ఉండేది. సాయంకాలం తలుపు మూసే వేళ, కట్టెల మోపుతో ఆలస్యంగా ఎక్కి వచ్చే ముసలిదో, తప్పిన మేకను వెతుక్కుంటూ ఉండిపోయిన గొల్లపిల్లో దారి మలుపులో కనబడితే, తలుపు ఒక్క క్షణం పట్టుకుని ఆగేవాడు. అది చూసినప్పుడల్లా తల్లి కుందమ ముఖం మాడిపోయేది. ఎందుకని అడిగితే మాట మార్చేది.

ముట్టడిలో మాచన ప్రగడ కోటలోనే చిక్కుకుపోయాడు. ఆయన రాజుగారి మంత్రి, మెత్తని మాట, పండిన మీసం, ఎప్పుడూ పట్టు ఉత్తరీయం. నీళ్ళ కరువులోనూ ఆయన ఉత్తరీయం మాత్రం మాసిపోలేదు. ఒక మధ్యాహ్నం ఆయన కావలి ఇంటికి తానే నడిచి వచ్చి, అరుగు మీద కూర్చుని, చౌండణ్ణి కుశలమడిగాడు. తరువాత గొంతు తగ్గించాడు.

"నాయకా, కోపగించక విను. నీవు ఈ తలుపును ప్రాణం పెట్టి కాచినా లోకం నిన్ను మెచ్చదు. కొమ్మినాయకుని కొడుకు ఇంకా అమ్ముకోలేదట అంటుంది, అంతే. చేయని నేరానికి ఇన్నేళ్ళు తల వంచుకున్నావు. చేసి తల ఎత్తుకో. పడమటి రాజు ఈ దుర్గాన్ని నీకే వ్రాసి ఇస్తాడు. లోపల ఈ జనమంతా దాహంతో చావడం కంటే అది ధర్మం కాదా?"

చౌండడికి మొదట చెవులు గుయ్యిమన్నాయి. తరువాత, మామ దగ్గర నేర్చుకున్నట్టే, నెమ్మదిగా అన్నాడు.

"ప్రగడ వారూ, నా తండ్రి ఎటువంటివాడో నేను ఎరుగను. నన్ను పెంచినవాడు మాత్రం ఆ బురుజు మీద, తన వంతు నీళ్ళు గాయపడినవారికి పోయించి, ఎండలో నిలబడి ఉన్నాడు. నేను ఆయనను చూస్తూ పెరిగినవాణ్ణి. తమరు ఇల్లు పొరబడి వచ్చారు."

ప్రగడ నవ్వి, భుజం తట్టి లేచాడు. చౌండడు తలుపు మరొకరికి అప్పగించి బురుజు మెట్లు ఎక్కాడు. పైన గుండయతో ప్రగడ అప్పటికే మాట్లాడుతూ ఉన్నాడు. కావలినాయకుడు మంచివాడే గాని దాహం ఎవరినైనా మార్చగలదని, ఒక కన్ను వేసి ఉంచమని హితవు చెబుతున్నాడు. చౌండడు మెట్టు మీదే ఆగిపోయాడు. తండ్రి పేరు పలకలేనివాడు రాజుగారి మంత్రి మీద నేరం మోపితే నమ్మేది ఎవరు? మామ నమ్ముతాడా అని తనను తాను ప్రశ్నించుకున్నాడు. నమ్మకపోతే ఆ తరువాత బతకలేనని భయపడ్డాడు. చెప్పకుండానే దిగివచ్చాడు. కోట బయట శత్రువు, లోపల మంత్రి, నడుమ అడకత్తెరలో పోకచెక్కలా తాను. చిన్నప్పటి నుండి తిరిగిన ఆ గోడలు ఆనాటి నుండి అతనికి మరీ దగ్గరగా జరిగినట్టు అనిపించాయి.

అతనికి తెలియని సంగతి ఒకటి ఉంది. ఇరవై ఏళ్ళ కిందట ఈ మాచన ప్రగడ ఇదే కోటలో చిన్న ఉద్యోగి. ఆనాడు తలుపు ఎందుకు తెరుచుకున్నదో కళ్ళారా చూసినవాడు, సొమ్ము కథ పుట్టించి దానితో మెట్లు ఎక్కినవాడు. కొడుకు ఆశకు లొంగలేదు, సరే. తండ్రి దేనికి లొంగాడో ఆయనకు తెలుసు. ఆ సాయంకాలమే ఆయన మనిషి ఒకడు చరియ మీదుగా తాడు పట్టుకుని కిందికి జారాడు.

మరునాటి మధ్యాహ్నం దారి దిగువ నుండి ఏడుపులు వినిపించాయి. చౌండడు దిడ్డి పక్క సందులో నుండి చూశాడు. ఆ పెద్ద తలుపులో ఒక మూలన, మనిషి నడుము వంచి ఒక్కొక్కడుగా దూరేటంత చిన్న తలుపు ఉంది, దానినే దిడ్డి అంటారు. బయట, కొండ కింది పల్లెల జనం మందలా ఎక్కి వస్తున్నారు. కుమ్మరులు, గొల్లలు, చంకన పిల్లలతో ఆడవాళ్ళు, నిప్పులా కాలిన రాళ్ళ మీద వట్టి కాళ్ళతో ముసలివాళ్ళు. వెనుక శత్రువుల బల్లేలు మెరుస్తున్నాయి. ఆగినవాణ్ణి పొడుస్తున్నారు. చౌండడు వాళ్ళలో చాలామందిని ఎరుగును; ఆ తలుపు గుండానే వాళ్ళు మజ్జిగ తెచ్చారు, కుండలు తెచ్చారు, కట్టెలు తెచ్చారు. జనం తలుపుకు చేరి అరచేతులతో కొట్టడం మొదలుపెట్టారు. బురుజుల మీది విలుకాళ్ళు బాణం ఎక్కుపెట్టి, ఎవరిని కొట్టాలో తెలియక దించేశారు. మద్దికొయ్య వెనుక ఆ అరచేతుల చప్పుడు చౌండడి గుండెలకే తగులుతోంది. అతని చెయ్యి దిడ్డి గడియ మీదికి తనంత తానే పోయింది.

ఆ చెయ్యిని కుందమ పట్టుకుంది. ఆమె ముఖంలో రక్తం లేదు.

"నాయనా, నీ తండ్రి సొమ్ము పుచ్చుకోలేదు," అంది. "ఇదే దారి మీద, ఇట్లాగే జనాన్ని తోలుకొచ్చారు. ఇట్లాగే తలుపు కొట్టారు. ఆయన వినలేకపోయాడు. పెద్ద తలుపే తీసి, లోపల నిలబడి రెండు చేతులూ చాచి అందరినీ లాగాడు. జనంలో కలిసి శత్రువూ వచ్చాడు. మూయడానికి ఆయనకు చేతులు మిగలలేదు."

చౌండడు తల్లి వైపు తిరిగాడు. ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని అడిగాడు.

"చెబితే నువ్వూ తీస్తావని. కడుపు చించుకుంటే కాళ్ళ మీదే పడుతుందని నోరు మూసుకున్నాను. ద్రోహి కొడుకుగానైనా బతికి ఉంటే చాలనుకున్నాను. నేను నోరు మూసి, మీ మామ ఆ సొమ్ము కథ నమ్మి, ఇద్దరమూ నీకు తండ్రిని లేకుండా చేశాము. అయినా నువ్వు రోజూ సాయంత్రం ఆ కట్టెల ముసలిదాని కోసం ఆగుతూనే ఉన్నావు. ఎవరు నేర్పారు నీకది?"

చౌండడికి ముందు పట్టరాని కోపం వచ్చింది. ఇరవై ఏళ్ళు తనను చీకట్లో నిలబెట్టారు గదా అని ఉడికిపోయాడు. ఆ కోపం అడుగునుండి మరొకటి పైకి వచ్చింది. తన తండ్రి దొంగ కాడు. ఆ మాట ఒళ్ళంతా చల్లని నీళ్ళు పోసినట్టు పాకింది. దాహం కూడా ఒక క్షణం గుర్తు రాలేదు.

అప్పటికే గుండయ సేనాని మెట్లు దిగి వచ్చాడు, వెనకే మాచన ప్రగడ. ప్రగడ కళ్ళు తడిగా ఉన్నాయి. ఆయన చేతులు జోడించి, ఈ దీనులను తలుపు ముందు చంపించుకున్న పాపం రాజుగారికి చుట్టుకుంటుందని, పెద్ద తలుపు బార్లా తీయించి అందరినీ ఒక్కసారిగా లోపలికి రానివ్వమని కరుణగా వేడుకున్నాడు. గుండయ వద్దన్నాడు. తలుపు తీయరాదన్నది తన ఆజ్ఞ, అది మారదన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన చెయ్యి గోడను ఆనుకుని ఉంది. 

చౌండడు మామ కాళ్ళకు మొక్కి లేచాడు.

"మామా, నిన్న ప్రగడ వారు ఇదే తలుపు నన్ను తీయమన్నారు. జాలితో కాదు, ఈ కోట అధికారం ఆశ చూపి. మీరు నమ్మరేమోనని చెప్పలేదు. అది నా తప్పు. ఇప్పుడు నా మనవి వినండి. నా తండ్రి సొమ్ముకు కాదు, జనం కోసం తీశాడని అమ్మ ఇప్పుడే చెప్పింది. లోపల నిలబడి తీశాడు, అందుకే మూయలేకపోయాడు. నేను దిడ్డి తీసి బయటికి పోతాను. దారి మలుపులో ఒక్కడు నిలిస్తే చాలు, ఇద్దరు పక్కపక్కన రాలేరు. మన జనాన్ని ఒక్కొక్కరినే అడిగి పంపుతాను. చివరివాడు రాగానే మూయండి. తీయడం ఆయన కొడుకుగా తీస్తాను, మూయడం మీ మేనల్లుడిగా మూస్తాను."

ప్రగడ నవ్వాడు. దొంగ కొడుకు తలుపు తీయడానికి కొత్త దారి కనిపెట్టాడన్నాడు. గుండయ ఆ నవ్వు వైపు ఒకసారి చూశాడు, తరువాత మేనల్లుడి వైపు చూశాడు. బయట అరచేతుల చప్పుడు ఆగలేదు.

"నీవు బయట ఉండగా గడియ వేసేది ఎవరురా?" అన్నాడు. ఆ గొంతు సేనానిది కాదు, మేనమామది. "నా చేత కాదు."

"నేను వేస్తాను, అన్నా," అంది కుందమ.

గుండయ చెల్లెలి వైపు చూశాడు. పుట్టి బుద్ధెరిగినాక ఇచ్చిన ఆజ్ఞను మొదటిసారి వెనక్కి తీసుకుంటున్నట్టు తల వంచాడు. తరువాత భటులతో, ప్రగడ వారు తన పక్కనే, దిడ్డికి ఎదురుగా నిలబడి చూస్తారని, ఎక్కడికీ కదలరాదని చెప్పాడు.

దిడ్డి తెరుచుకుంది. చౌండడు కత్తి ముందు పెట్టి, నడుము వంచి బయటికి దూరాడు. జనం మీదికి పడబోతే, తోసుకుంటే ఒక్కరూ బతకరని గద్దించి, వాళ్ళను తోసుకుంటూ మలుపు దాకా పోయి అక్కడ అడ్డంగా నిలిచాడు. మలుపుకు ఇవతలివాళ్ళను ముందు పంపాడు. అవతలి నుండి వచ్చేవాళ్ళను ఒక్కొక్కరినే ఆపి, ఆ తలుపు దగ్గర తరతరాలుగా కావలివాడు అడిగే మాటే అడిగాడు. "నువ్వెవరి బిడ్డవు?"

ఆ పల్లెల్లో ఊపిరి పోయేటప్పుడు అడిగినా ఆ మాటకు జవాబు తప్పు రాదు. కుమ్మరి సింగని కోడల్నని ఒకతె చెప్పింది. గొల్ల బీరయ్య కొడుకునని ఒకడు చెప్పాడు. చెప్పినవాణ్ణి చెప్పినట్టు తన చంక కిందుగా వెనక్కి పంపాడు. తరువాత, అంత ఎండలో ఒంటినిండా కంబళి కప్పుకున్న ఒక నిండు మనిషి ఎదుటికి వచ్చాడు.

"నువ్వెవరి బిడ్డవు?"

కోటలో ఎవరైనా అడ్డగిస్తే ఏమి చెప్పాలో ఆ మనిషికి ఎవరో ముందే నేర్పారు. నేర్పినవాడు తాడు మీద దిగిన ప్రగడ మనిషి, రాజధానివాడు. ఈ తలుపు దగ్గర తండ్రి పేరు అడుగుతారని ఎరగడు. వాడు నేర్చుకున్న మాట గట్టిగా చెప్పాడు.

"మాచన ప్రగడ వారి మనిషిని. దారి ఇవ్వు."

ఆ మాట తెరిచి ఉన్న దిడ్డి గుండా లోపలికీ వినిపించింది. గుండయ పక్కకు తిరిగి చూస్తే, ప్రగడ తేలు కుట్టిన దొంగలా కిక్కురుమనకుండా నిలబడి ఉన్నాడు. పట్టు ఉత్తరీయం చెమటకు తడిసి ఒంటికి అతుక్కుంది. భటులు ఆయన చేతులు వెనక్కి విరిచి కట్టారు. ఆనాడు ఆ మాట మొదట తన చెవిన వేసినవాడూ ఈయనే గదా అని తోచి, ఇరవై ఏళ్ళ కిందటి సొమ్ము కథ ఎక్కడ పుట్టిందో గుండయకు అప్పుడు తెలిసింది. బావను ఇన్నేళ్ళు తాను కూడా తిట్టుకున్నాడని గుర్తు వచ్చి ఆ ముసలి సేనాని అందరి ఎదుటా కంట నీరు పెట్టుకున్నాడు.

మలుపు దగ్గర కంబళి కింది నుండి కత్తి బయటికి వచ్చే లోపలే చౌండడి కత్తి దిగింది. వెనుకనున్న మరికొన్ని కంబళ్ళు కిందపడ్డాయి. ఇక ముసుగు లేదు. శత్రువులు మిగిలిన జనాన్ని తొక్కుకుంటూ మీదికి వచ్చారు. వస్తున్నది మాత్రం ఒక్కొక్కడే, దారి అంతకంటే ఇవ్వదు. చౌండడు నరుకుతూ, ఎడమ చేత్తో జనాన్ని గోడవార లాగి వెనక్కి తోస్తూనే ఉన్నాడు. భుజాన ఒక పోటు, తొడలో ఒక పోటు దిగాయి. అందరికంటే చివర కట్టెల ముసలిది వచ్చింది. ఎప్పుడూ ఆలస్యమే ఆమె. చౌండడు ఆమెను లాగబోతే ఆమే అతని ముఖంలోకి చూసి అడిగింది.

"నువ్వెవరి బిడ్డవు నాయనా?"

"కొమ్మినాయకుని బిడ్డను."

ఆ మాట తన నోట ఎప్పుడూ రాలేదని అన్నాక తెలిసింది.

"అయితే సరే," అని ముసలిది దిడ్డి వైపు పోయింది.

చౌండడు వెనక్కి తిరగకుండానే కేక వేశాడు. "అమ్మా, అందరూ వచ్చారు. తలుపు వెయ్యి."

ఏ చప్పుడూ రాలేదు. అంతవరకు అతనికి భయం లేదు, అప్పుడు వేసింది. అమ్మ వేయలేదేమో, తలుపు పట్టుకుని తన కోసం ఆగిందేమో, తండ్రి చేసిన తప్పే ఈ ఇంట్లో రెండోసారి మరొకరు చేస్తున్నారేమో అనుకున్నాడు. అప్పుడు దిడ్డి మూసుకున్న చప్పుడు, దాని మీద అడ్డగడియ పడ్డ చప్పుడు వినిపించాయి. ఆ చప్పుడు వెనుకే కుందమ గొంతు లేచింది. వణికే గొంతు కాదు, కావలినాయకుల గొంతు.

"పోతినాయకుని మనుమడు, కొమ్మినాయకుని కొడుకు, చౌండనాయకుడు తలుపు వేసినాడు!"

పొద్దు ఇంకా గూకలేదు. బురుజుల మీదివాళ్ళు ఆ పేరు విని ఇరవై ఏళ్ళయింది.  అందరికంటే ముందు ఒక ముసలి గొంతు, గుండయ సేనానిది, "వేసినాడు" అంది. దాని వెనుక కోట కోటంతా "వేసినాడు" అంది. దారి మీద ఇక తమవాడు ఒక్కడే ఉన్నాడు, ఆ ఒక్కడూ మలుపులో గోడను ఆనుకుని ఉన్నాడు. విలుకాళ్ళు అతణ్ణి తప్పించి దారి పొడవునా బాణాలు కురిపించారు. చౌండడు మరికొంతసేపు నిలబడ్డాడు. ఆ తరువాత మోకాళ్ళ మీద నిలబడ్డాడు. అతని ముఖంలో ఆనాడు చిక్కుకుపోయినవాడి వెర్రి చూపు లేదని, పైనుండి చూసినవాళ్ళు తరువాత చెప్పుకున్నారు. అతని ముందు పడిన శవాలు దారినే మూసేశాయి. వాటిని దాటి రావడానికి పడమటి సేనలో ఎవరికీ కాళ్ళు ఆడలేదు.

చీకటి పడ్డాక అతణ్ణి లోపలికి తెచ్చుకుని, తండ్రికి దక్కని దహనం కోట లోపలే చేశారు. లోపల మంత్రి లేక, తలుపు తీసేవాడు లేక పడమటి రాజు మరికొన్నాళ్ళు కూర్చున్నాడు. తొలకరి ముందుగానే వచ్చి దొనలు నింపింది. గుడారాలు ఎత్తుకుని పోయాడు. ప్రగడకు రాజు వేసిన శిక్ష గురించి రాచగుట్టవాళ్ళు ఎక్కువగా చెప్పుకోరు. వాళ్ళు చెప్పుకునేది దహనం మరునాటి సాయంకాలం గురించి.

ఆ సాయంకాలం తలుపు మూసే నాయకుడు లేడు. కుందమ గడప దగ్గర కూర్చుని ఉంది. గుండయ సేనాని వచ్చి, తలపాగా తీసి ఆమె పక్కన పెట్టి, దారి మలుపు వైపు ఒక్క క్షణం చూసి ఆగి, తలుపులు మూశాడు. అడ్డగడియ మీద అరచెయ్యి ఉంచాడు. ఆయనకు తన తండ్రి పేరు ఉంది, తాత పేరు ఉంది, రాజు ఇచ్చిన బిరుదులు ఉన్నాయి. అవేవీ పలకలేదు.

"కొమ్మినాయకుని బావమరిది, చౌండనాయకుని మేనమామ, గుండయ తలుపు వేసినాడు," అన్నాడు.

"వేసినాడు" అంది కోట. అప్పుడు దీపాలు పెట్టుకున్నారు.